పశువుకు బాగాలేనప్పుడు ఏం చూడాలి, డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఎడ్లు, ఆవులు, బర్రెలు, కోతకు పెంచే దున్నలు ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. తొలకరి పడగానే ఒకసారి, ఎండలు ముదిరినప్పుడు ఒకసారి ఇవే సందేహాలు తిరిగొస్తాయి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. సూది మందుల మోతాదులు మాత్రం ఇక్కడ వెతకొద్దు. అవి పశువు బరువు, చూడి, వయసు చూసి డాక్టర్ చెప్పాల్సినవి.

## జబ్బేనా, కాదా?

బర్రె పొద్దుగాల్నుంచి మేస్తలేదు. ఇప్పుడే ఫోన్ చేయాల్నా, రేపటిదాకా చూడాల్నా?

మేత ఒక్కటే మానితే, మిగతావన్నీ బాగుంటే సాయంత్రం దాకా చూడొచ్చు. మిగతావి అంటే: నెమరు వేస్తోందా, పేడ వేసిందా, మూత్రం మామూలు రంగులోనే ఉందా, ఊపిరి ఆయాసం లేకుండా ఉందా, పిలిస్తే చెవులు తిప్పుతోందా. ఎదకొచ్చిన పశువు కూడా ఒక పూట మేత తగ్గిస్తుంది. వరిగడ్డి మార్చి కొత్త చొప్ప వేసినా మూతి తిప్పుకుంటుంది. నెమరు ఆగి సగం రోజు దాటినా, మేత మానడంతో పాటు జ్వరం, ఆయాసం, ఉబ్బరం, వాపు వీటిలో ఒక్కటి కనిపించినా ఇక రేపటి మాట వద్దు.

జ్వరం ఎట్లా చూడాలి? చెవి పట్టుకుంటే తెలుస్తది గదా?

తెలియదు. చెవి ఎండకు వేడెక్కుతుంది, వానకు చల్లబడుతుంది. మెడికల్ షాపులో దొరికే థర్మామీటర్ ఒకటి కొట్టంలో ఉంచుకోండి. దాని వెనుక చివర దారం కట్టి, కొనకు కొద్దిగా నూనె రాసి, మలద్వారంలో పక్క గోడకు ఆనేలా పెట్టి రెండు నిమిషాలు ఉంచండి. పేడ మధ్యలో గుచ్చితే లెక్క తప్పుతుంది. ఆవు, ఎద్దుకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. బర్రెకు ఒక డిగ్రీ అటూఇటుగా తక్కువ, దూడకు కొంచెం ఎక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలోంచి తెచ్చి చూస్తే ఏ పశువుకైనా ఎక్కువే వస్తుంది. నీడన గంటసేపు కట్టేసి చూడండి. పెద్ద పశువుకు 103.5 దాటితే జ్వరం కిందే లెక్క. 105 దాటితే వెంటనే ఫోన్ చేయాలి. ఒక విషయం చాలామంది వదిలేస్తారు: 100 కంటే బాగా పడిపోవడం జ్వరం కంటే చెడ్డ గుర్తు.

ఊపిరి ఎక్కువైందని, కడుపు ఆడుతలేదని డాక్టర్ అడుగుతాడు. మేమెట్లా చెప్పాలి?

పశువు పడుకునో, నిలబడో నిమ్మళంగా ఉన్నప్పుడు డొక్క ఎన్నిసార్లు ఎగిసిందో నిమిషం పాటు లెక్కపెట్టండి. నీడన ఉన్న పెద్ద పశువుకు 15 నుంచి 30 దాకా మామూలు. కడుపు కదలిక కోసం ఎడమ డొక్క గుంటలో పిడికిలి గట్టిగా ఆనించి పెట్టండి. రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు లోపల్నుంచి తోసినట్టు తగలాలి. ఒక్కసారీ తగలకపోతే కడుపు ఆగినట్టే. పశువు బాగున్నప్పుడు ఒకటి రెండుసార్లు చూసి చేతికి అలవాటు చేసుకుంటే, బాగాలేనప్పుడు తేడా తెలుస్తుంది.

ముట్టె మీద తడి లేదు. జబ్బేనా?

అదొక్కటే చూసి చెప్పలేం. ఎండకూ ఆరుతుంది. తడి లేకపోవడంతో పాటు నెమరు కూడా లేకపోతే థర్మామీటర్ తీయండి.

పేడ చూసి ఏం తెలుస్తది?

చాలా తెలుస్తుంది. గట్టి ఉండలుగా, పైన జిగురు పూసినట్టు వస్తే నీళ్లు చాలట్లేదు, లేదా జ్వరంలో ఉంది. నీళ్లలా, పుల్లటి వాసనతో వస్తే గింజో, అన్నమో ఎక్కువ తిన్నది. ఎర్రటి నెత్తురు, నల్లటి తారులాంటి పేడ, ఒక రోజంతా అసలు పేడే లేకపోవడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా డాక్టర్ చూడాల్సిందే.

మందలో ఒకటి విడిగా నిలబడుతున్నది. అంతకుమించి ఏమీ లేదు. పట్టించుకోవాల్నా?

కట్టేసి పెంచే బర్రెలో మేత మానడం ముందు కనిపిస్తుంది. మేపుకొచ్చే మందలో ముందు కనిపించేది ఇదే. వెనకబడడం, తల వంచి నిలబడడం, దోమలు వాలినా తోక ఆడించకపోవడం. అమ్రాబాద్ వైపు నల్లమలలో పొడ తూర్పు జాతి ఆవుల మందలు మేపేవాళ్లకు ఇది బాగా ఎరుకే. అడవిలో పగలంతా ఏం తిన్నదో, ఏం కుట్టిందో చూసేవాళ్లుండరు. సాయంత్రం దొడ్డికి చేరేటప్పుడు ఏది ఆఖరున వస్తుందో చూడడమే అక్కడ పరీక్ష. అలాంటిదాన్ని ఆ రాత్రికి వేరుగా కట్టేసి జ్వరం చూడండి.

## డాక్టర్ వచ్చేలోపు

ఎవరికి ఫోన్ చేయాలి? ఏం చెప్పాలి?

మండలంలో పశువుల దవాఖాన డాక్టర్ నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. 1962 కి చేస్తే సంచార పశువైద్య వాహనం కోసం అడగొచ్చు, ఆ కాల్‌కు డబ్బు పడదు. గోపాలమిత్ర కృత్రిమ గర్భధారణకు పనికొస్తాడు, ప్రథమ చికిత్సకు సాయం పడతాడు. ప్రాణం మీదికొచ్చిన జబ్బుకు డాక్టరే కావాలి.

"బర్రెకు బాగలేదు, జల్ది రండి" అంటే ఆయన ఏ మందు వెంట తేవాలో తెలియదు. ఆవా, బర్రెనా, వయసెంత, చూడా, ఈని ఎన్ని రోజులైంది, ఎప్పుడు మొదలైంది, జ్వరం ఎంత, చివరిసారి ఏం తిన్నది, ఇప్పటికే ఏం తాగించారు, ఏ సూది వేయించారు. ఆఖరి రెండూ దాచొద్దు. తిడతాడని దాస్తే అదే మందు రెండోసారి పడుతుంది.

గొట్టంతో కషాయమో, నూనెనో తాగించొచ్చా? మా తాతల కాలం నుంచి తాగిస్తున్నం.

ఈ ఒక్క అలవాటు మీద గట్టిగా చెప్పాలి. కషాయంలో ఏముందన్నది తర్వాతి సంగతి, ముందు అది ఎక్కడికి పోతోందన్నది చూడాలి. ముక్కులో వేళ్లు పెట్టి తల ఆకాశానికి ఎత్తి, నాలుక బయటికి లాగి, వెదురు గొట్టమో బీరు సీసానో గొంతులో పెట్టి పోస్తే పశువు మింగలేదు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండో రోజు ముక్కునుంచి వాసన, ఆయాసం, నాలుగో రోజు చావు. అసలు జబ్బు అజీర్తి అయ్యుంటుంది, చంపింది మాత్రం తాగించిన మందు.

ఆయాసపడుతున్న పశువుకు, దగ్గుతున్నదానికి, పడిపోయి లేవలేనిదానికి, గొంతు వాచినదానికి, ఈనిన తర్వాత మెడ తిప్పుకొని పడుకున్నదానికి, వానాకాలంలో వచ్చే 'మూడు రోజుల జ్వరం' అనే జబ్బులో ఉన్నదానికి నోటినుంచి చుక్క కూడా పోయొద్దు. వీటిలో మింగే శక్తి తగ్గి ఉంటుంది. మింగగలిగే పశువుకు డాక్టర్ తాగించమంటే, తల వెన్నుకు సమానంగానే ఉంచి, నాలుక వదిలేసి, నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. దగ్గితే వెంటనే తల దించి వదిలేయాలి.

వాతలు పెడితే తగ్గుతదంటున్నరు.

తగ్గదు. కుంటుతున్న ఎద్దుకు జబ్బ మీద ఎర్రగా కాల్చిన కడ్డీ పెట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది. మూడు రోజుల్లో తానే తగ్గే కుంటు తగ్గిపోతే పేరు వాతకు వస్తుంది. కాలిన చోట ఈగలు వాలి పురుగు పడితే ఆ పేరు ఎవరికీ రాదు.

మెడికల్ షాపులో చెప్పి సూది తెచ్చి ఊళ్లోనే వేయించినం. తప్పేంది?

జ్వరం సూదిగా మనుషుల డైక్లోఫెనాక్ వేస్తారు. దాన్ని పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. యాంటీబయాటిక్ ఒక్క రోజు వేసి, జ్వరం దిగిందని ఆపేస్తే క్రిమి చావదు, మొండికేస్తుంది. తర్వాత డాక్టర్ అదే మందు వేసినా పనిచేయదు. కాల్షియం సీసా నరంలోకి గబగబా ఎక్కిస్తే గుండె ఆగి, కళ్లముందే పడిపోతుంది. పాత సూదితోనే వరసగా పది పశువులకు వేస్తే రక్తంలోని రోగం పదింటికీ పాకుతుంది.

పడుకున్నది లేస్తలేదు. తోక పట్టి లేపొచ్చా?

తోక మెలిపెట్టి లేపితే తోక ఎముక విరుగుతుంది, పశువు లేవదు. పక్కకు పడిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి మోపులు ఆనించండి. కింద గడ్డి దట్టంగా పరిచి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. ఒకే పక్కన బండ మీద రాత్రంతా ఉంటే ఆ కాలి కండ చచ్చుబడుతుంది. అప్పుడు అసలు జబ్బు తగ్గినా లేవదు. నీళ్లు మూతికి అందేచోట పెట్టండి, తానే తాగాలి.

## గంట కూడా ఆగకూడనివి

ఎడమ డొక్క డప్పులెక్క ఉబ్బింది. ఏం చేయాలి?

కడుపుబ్బరం. ఫోన్ చేస్తూనే పని మొదలుపెట్టండి. ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టండి, పడుకోనివ్వద్దు. వేపపుల్లంత లావు కర్ర ఒకటి నోట్లో అడ్డంగా పెట్టి కొమ్ములకు కట్టండి. దాన్ని నమిలేకొద్దీ లాలాజలం ఊరి తేన్పులు వస్తాయి. నిలబడి, మింగగలుగుతుంటే పావు లీటరు పల్లి నూనె నోటి పక్కనుంచి, తల ఎత్తకుండా కొద్దికొద్దిగా పోయొచ్చు. నురుగుతో ఉబ్బినప్పుడు అది పనిచేస్తుంది. కిరోసిన్ వద్దు. నాలుక బయటపెట్టి ఆయాసపడుతుంటే డాక్టర్ డొక్కలో గొట్టం గుచ్చి గాలి తీయాలి. కత్తితో మీరే పొడిస్తే కడుపులోని మురుగు పొట్టలోకి కారుతుంది.

కోసిన జొన్న చేన్ల పిలకలు మేసి ఎద్దు పడిపోయింది.

నాము పట్టింది. లేత జొన్నలో, ముఖ్యంగా వాన లేక వాడిన పైరులో, కోత తర్వాత వచ్చే పిలకల్లో సైనైడ్ తయారవుతుంది. కడుపు నిండా మేస్తే నిమిషాల్లోనే వణుకు, నోరు తెరిచి ఊపిరి, పడిపోవడం. దీనికి విరుగుడు ఉంది. సోడియం థయోసల్ఫేట్, సోడియం నైట్రైట్ నరంలోకి ఎక్కిస్తే పడిపోయిన ఎద్దు కూడా లేస్తుంది, కానీ సమయానికి పడాలి. ఫోన్‌లో "నాము" అని ఆ మాటే చెప్పండి, డాక్టర్ మందు వెంట తెస్తాడు. మిగతా పశువుల్ని చేనులోంచి తోలేయండి. పడిపోయినదాన్ని నడిపించొద్దు.

జొన్న పచ్చిమేత పూత దశ దాటాకే కోసి వేయాలి. ఎండలో బాగా ఆరిన చొప్పలో విషం చాలావరకు పోతుంది.

పెళ్లిల మిగిలిన అన్నం తెచ్చి పోసినం. తెల్లారి పశువు తూలుతున్నది.

ఇది మాఘం, వైశాఖం జబ్బు. అలవాటు లేని కడుపులో అంత అన్నం పులిసి ఆమ్లం తయారవుతుంది. కడుపు ఆగుతుంది, పేడ నీళ్లలా పుల్లగా వస్తుంది, కళ్లు లోపలికి పోతాయి, ఒకట్రెండు రోజుల్లో చావొచ్చు. మిల్లు దగ్గర వడ్లో, నూకలో సంచి చింపి తిన్నా ఇదే. తిన్నట్టు తెలిసిన వెంటనే, గుర్తులు కనిపించకముందే ఫోన్ చేయండి. మిగిలింది తీసేసి ఎండుగడ్డి మాత్రమే వేయండి. బకెట్లకు బకెట్లు నీళ్లు ఒక్కసారే పెట్టొద్దు.

పత్తికి మందు కొట్టిన గట్టు మీద గడ్డి తిన్నది. నోట్లోంచి సొంగ కారుతున్నది.

సొంగ, కన్నీళ్లు, కండరాలు అదరడం, పారుడు, కంటిపాప చిన్నదవడం, ఇవి పురుగుమందు విషం గుర్తులు. ఏ మందు కొట్టారో ఆ డబ్బా తెచ్చి పేరు చదివి చెప్పండి. విరుగుడు దాన్ని బట్టే ఉంటుంది. ఒంటి మీద పడితే సబ్బు నీళ్లతో కడగండి. పాలు, నూనె, మజ్జిగ తాగించొద్దు. బత్తాయి తోటల్లో, పత్తి చేలల్లో స్ప్రే పంపు కడిగిన నీళ్లు పశువులు తాగే తొట్టి దగ్గర పారబోయొద్దు.

గొంతు కింద వాచి గురక పెడుతున్నది.

వానాకాలం, 105 దాటిన జ్వరం, గొంతు కింద వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్న వాపు, గురకతో ఊపిరి. ఇది గొంతువాపు వ్యాధి. బర్రెల్లో మరీ ఉధృతంగా వస్తుంది. ఒక్క రోజులో చంపగలదు. మొదటి కొద్ది గంటల్లో సూది పడితే బతికే అవకాశం ఉంది, గురక మొదలైన తర్వాత బాగా తగ్గిపోతుంది. రాత్రి పన్నెండైనా ఫోన్ చేయండి.

కోడె వెనక తొడ వాచింది, నొక్కితే చిటపట అంటున్నది.

జబ్బవాపు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, బాగా ఒళ్లున్న లేగలకే ఎక్కువ వస్తుంది. ముందు కుంటు, తర్వాత వాపు, ఆ వాపులో గాలి. దెబ్బ తగిలిందనుకొని ఆకు పసరు కడుతూ పోగొట్టుకుంటారు. వెంటనే పెన్సిలిన్ పడాలి.

పిచ్చికుక్క కరిచింది.

కరిచిన చోట సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే టీకాల వరుస మొదలుపెట్టాలి, గుర్తులు కనిపించాక మందు లేదు. వింతగా అరుస్తూ, సొంగ కారుస్తూ, మింగలేకపోతున్న పశువు నోట్లో "ఏమో ఇరుక్కుంది" అని చెయ్యి పెట్టొద్దు. పెట్టి ఉంటే మీరే దవాఖానకు పోవాలి. ఆ పశువు పాలు పచ్చివి ఎవరూ తాగొద్దు.

ఎండకు బర్రె నాలుక బయటపెట్టి రొప్పుతున్నది.

బర్రెకు నల్లటి తోలు, చెమట తక్కువ. మిర్యాలగూడ, నల్గొండ ఎండలకు రేకుల కొట్టం లోపల బయటికంటే వేడి. చెట్టు నీడకు తెచ్చి తల మీద, ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉండండి, గాలి తగలనివ్వండి. అరగంటలో ఆయాసం తగ్గకపోయినా, తూలినా డాక్టర్ కావాలి.

పాము కరిచింది, లేదా మోటరు వైరు తగిలింది.

పాముకాటుకు కోయొద్దు, బిగించి కట్టొద్దు, నడిపించొద్దు, డాక్టర్‌ని అక్కడికే రప్పించండి. కరెంటు అయితే ముందు ఫ్యూజు తీయాలి. పశువును ముట్టుకోబోయి మనుషులు పోయిన ఊళ్లు చాలా ఉన్నాయి.

## ఈనేటప్పుడు

నొప్పులు పడుతున్నది, దూడ వస్తలేదు. ఎంతసేపు చూడాలి?

ఉమ్మనీటి సంచి పగిలి గంట దాటినా కాళ్లూ మూతీ కనిపించకపోతే ఫోన్ చేయండి. మొదటి ఈత పడ్డకు ఇంకొంచెం ఓపిక పట్టొచ్చు, రెండు గంటలకు మించి వద్దు. రెండు కాళ్ల మీద మూతి ఆనించి వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒక్క కాలే వచ్చినా, తోక కనిపించినా లాగొద్దు. నలుగురు కలిసి తాడు కట్టి లాగితే దూడ పోతుంది, తల్లి గర్భసంచి చిరుగుతుంది. బర్రెల్లో ఇంకోటి ఉంది: రోజంతా లేస్తూ పడుకుంటూ, పొట్ట కాలితో తన్నుకుంటూ ఉంటుంది, ఉమ్మనీరు మాత్రం రాదు. అది గర్భసంచి మెలిక పడడం కావొచ్చు. తిప్పి సరిచేయడం డాక్టర్ పని.

మాయ పడలేదు. చెప్పు కట్టి వేలాడదీస్తరు గదా?

బరువు కడితే మాయ తెగి సగం లోపలే ఉండిపోతుంది, కొన్నిసార్లు గర్భసంచే బయటికొస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా చూడండి. ఆ తర్వాత డాక్టర్‌కు చెప్పండి. చేత్తో లాగి తీసేయాలన్న తొందర వద్దు, జ్వరం లేకపోతే ఆయన మందులతోనే చూసుకోవచ్చు.

గర్భసంచి మొత్తం బయటికొచ్చింది.

మట్టి అంటకుండా శుభ్రమైన తడిబట్ట మీద ఉంచి చల్లటి నీళ్లతో కడగండి. కుక్కలు, కాకులు దగ్గరికి రాకుండా ఒక మనిషి అక్కడే ఉండాలి. పశువు వెనకభాగం ఎత్తులో ఉండేలా చూడండి. లోపలికి నెట్టే ప్రయత్నం మీరు చేయొద్దు.

ఈని రెండో రోజు పడుకున్నది, చెవులు చల్లగున్నయి, మెడ పక్కకు తిప్పుకున్నది.

పాల జ్వరం. పేరులోనే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. రక్తంలో కాల్షియం పడిపోతుంది. డాక్టర్ నరంలోకి మెల్లగా ఎక్కిస్తే చూస్తుండగానే లేస్తుంది. ఆయన వచ్చేదాకా రొమ్ము మీద కూర్చోబెట్టండి. నోట్లో ఏమీ పోయొద్దు.

ఏడో నెలల ఈసుకపోయింది. ఏం చేయాలి?

పడ్డ పిండాన్ని, మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కుక్కలకు వేయొద్దు, సున్నం వేసి లోతుగా పూడ్చండి. ఈసుకపోవడానికి కారణం బ్రూసెల్లా అనే అంటురోగం అయితే అది మనుషులకూ వస్తుంది. తగ్గుతూ మళ్లీ వచ్చే జ్వరం, కీళ్ల నొప్పులు దాని గుర్తులు. మందలో రెండోది కూడా ఈసుకపోతే రక్త పరీక్ష చేయించాల్సిందే.

## దూడలు

మాయ పడ్డాకనే జున్నుపాలు తాగించాలంటరు. నిజమేనా?

కాదు. పుట్టిన గంట, రెండు గంటల్లోపే తాగించాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దూడ రక్తంలోకి చేరేది ఆ మొదటి గంటల్లోనే. తర్వాత పేగు దాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. దూడ బరువులో పదో వంతు పాలు మొదటి రోజు పడాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దండి, పేడ, బూడిద వద్దు.

దుడ్డెకు తెల్ల పారుడు పట్టింది. పాలు ఆపాల్నా?

పూర్తిగా ఆపితే నీరసించి పోతుంది. పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇస్తూ, మధ్యలో ఉప్పు, చక్కెర కలిపిన కాచి చల్లార్చిన నీళ్లు పట్టండి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే వెంటనే సాఫు కావాలి. రెండు మూడు సెకన్లు ముడతగానే ఉంటే, కళ్లు గుంటలు పడితే, పాలు చీకే ఓపిక లేకపోతే సెలైన్ ఎక్కించాలి. బర్రె దూడలకు తల్లి పాలనుంచే ఏలికపాములు వస్తాయి. అందుకే మొదటి నట్టల మందు రెండో వారంలోనే వేయించమంటారు. మగ దుడ్డెలు ఎక్కువగా చచ్చిపోయేది జబ్బుతో కంటే నిర్లక్ష్యంతో. పాలు అమ్మకానికి పోతాయి, దానికి మిగలవు.

## వానాకాలం అంటురోగాలు

గాలికుంటు వచ్చింది. ఇంట్లనే చూసుకోవచ్చా?

నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, సొంగ, కుంటు. పెద్ద పశువు చాలావరకు బతుకుతుంది. పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగుకు కలిపిన నీళ్లతో నోరు, గిట్టలు కడిగి, నోటి పుండ్లకు బోరో గ్లిజరిన్ రాయండి. మెత్తటి మేత, జావ పెట్టండి. గిట్టల్లో పురుగు పడకుండా చూడండి. దూడను మాత్రం తల్లి దగ్గర చీకనివ్వద్దు. ఈ క్రిమి దూడ గుండెను పట్టుకుంటుంది, ఏ పుండూ కనిపించకుండానే పడి చచ్చిపోతుంది. డాక్టర్‌కు చెప్పడం మీ ఒక్క పశువు కోసమే కాదు, ఊళ్లో మిగతావాటికి టీకా పడాలి.

ఒంటినిండా గడ్డలు లేచినయి. మనుషులకు అంటుతదా?

లంపీ చర్మవ్యాధి మనుషులకు రాదు. మన దేశంలో 2019లో మొదట కనిపించి, 2022లో చాలా రాష్ట్రాల్లో ఆవుల్ని, ఎడ్లను చంపింది. బర్రెల్లో తక్కువ. ఈగలు, దోమలు, గోమార్లు మోసుకొస్తాయి. వేరుగా కట్టి, సాయంత్రం వేపాకు పొగ వేయండి. పాలు కాచి తాగొచ్చు. గడ్డలు పగిలితే, మేత మానితే, కాళ్లు వాస్తే డాక్టర్ చూడాలి.

నిన్నటిదాకా అరక గుంజిన ఎద్దు ఇయ్యాల కుంటుతూ వణుకుతున్నది.

మూడు రోజుల జ్వరం కావొచ్చు. ఒక కాలి కుంటు ఇంకో కాలికి మారుతుంది. ఎక్కువ వాటికి తానే తగ్గుతుంది. వారం పాటు అరకకు కట్టొద్దు, నోట్లో కషాయాలు పోయొద్దు. పడుకుని లేవకపోతేనో, నాలుగో రోజుకూ జ్వరం ఉంటేనో పిలవండి.

## మెల్లగా ముదిరేవి

దవడ కింద నీళ్ల సంచి లెక్క వేలాడుతున్నది, జ్వరం లేదు.

చల్లగా, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే కాలేయపు జలగలు కావొచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద, చెరువు అంచుల్లో నత్తలున్న తడి గడ్డి మేసినవాటికి ఎక్కువ. పేడ పరీక్ష చేయించి, దానికి పనిచేసే మందే వేయించాలి. మామూలు నట్టల మందులన్నీ జలగలకు పనిచేయవు. వాపు వేడిగా ఉండి జ్వరం ఉంటే మాత్రం ఇది కాదు, గొంతువాపు, వెంటనే పిలవాలి.

మా వైపు బోరు నీళ్లు తాగే ఎడ్ల పండ్లు గోధుమరంగైనయి, నడక బిగుసుకున్నది.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు మనుషుల్ని వంచిన ఫ్లోరైడే పశువుల్నీ పడుతుంది. ఎముక మీద పేరుకున్నది వెనక్కి పోదు, ఏ టానిక్‌తోనూ పోదు. చేయగలిగింది నీళ్లు మార్చడం. కృష్ణా నీళ్ల కుళాయి ఉంటే పశువుల తొట్టికి కూడా ఆ నీళ్లే పెట్టండి, కనీసం పండ్లు మారే వయసు దాటేదాకా దూడలకైనా. ఇంట్లో మనుషులకు కుళాయి నీళ్లు, కొట్టానికి పాత బోరు అన్నది చాలా ఊళ్లలో ఇప్పటికీ నడుస్తోంది.

మూత్రం కాఫీ రంగులో వస్తున్నది.

గోమార్ల వల్ల వచ్చే రక్తపు జబ్బు కావొచ్చు, సంకర జాతి ఆవుల్లో ఎక్కువ. కనుగుడ్డు కింది పొర తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, రక్తపు చుక్క పరీక్షతో తేలుతుంది.

దిగుడు నడవాలంటే మూలుగుతున్నది, మేత సగమే తింటున్నది.

మేతతో తీగముక్కో మేకో మింగి ఉండొచ్చు. మోచేతులు బయటికి పెట్టి నిలబడడం ఇంకో గుర్తు. అది గుండె వైపు గుచ్చుకుంటుంది. సాగదీయొద్దు.

## మందు వేశాక, అమ్మేటప్పుడు

సూది వేసినం. పాలు, మాంసం ఎన్ని రోజులు ఆపాలి?

మందు సీసా మీద రాసి ఉంటుంది, డాక్టర్‌నీ అడగండి. చాలా రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్‌కు మాంసం గడువు సాధారణంగా 28 రోజులు. ఐవర్‌మెక్టిన్‌కు కూడా వారాల లెక్కే. కోతకు పెంచే దున్నలున్నవాళ్లు తేదీ, మందు పేరు చెవి ట్యాగు నంబరుతో పుస్తకంలో రాసుకోవాలి. కోతకు ముందు పశువైద్యుడి సర్టిఫికెట్ తప్పనిసరి. జబ్బుతో ఉన్నదాన్ని "ఎట్లయినా పోతది గదా" అని కోతకు తోలడం తినేవాళ్లకు మోసం.

తగ్గేటట్టు లేదు, సంతల అమ్మేద్దామా?

పెబ్బేరు లాంటి సంతలో ఒక్క జ్వరం పశువు దిగితే ఎన్ని ఊళ్లకు పోతుందో లెక్కేయండి. అక్కడ కొన్నదాన్నీ ఇంటి మందలో కలపకుండా మూడు వారాలు వేరుగా కట్టండి.

## చనిపోతే

రాత్రి బాగానే ఉన్నది, తెల్లారి చచ్చి ఉన్నది. ముక్కులోంచి నల్ల నెత్తురు కారింది.

ముట్టుకోవద్దు, కోయొద్దు, తోలు తీయొద్దు. నెత్తురు గడ్డకట్టకుండా కారుతుంటే దొమ్మ రోగమని అనుమానించాలి, అది మనుషులకూ ప్రాణాంతకం. కోస్తే ఆ క్రిమి మట్టిలో చేరి ఏళ్ల తరబడి బతుకుతుంది. డాక్టర్ వచ్చి చెవి దగ్గర చుక్క రక్తం తీసి చూస్తాడు. తర్వాత ఆరడుగుల లోతున, సున్నం వేసి, బావికి, చెరువుకు దూరంగా పూడ్చాలి.

ఇన్సూరెన్స్ ఉన్నది. పూడ్చేశాక చెప్పొచ్చా?

పూడ్చకముందే కంపెనీకి, డాక్టర్‌కు చెప్పాలి. పోస్టుమార్టం రిపోర్టు లేనిదే డబ్బు రాదు. చెవికున్న పన్నెండు అంకెల ట్యాగు కోయకుండా, నంబర్ కనిపించేలా ఫోటో తీయండి.

## టీకాలు

ఏ టీకా ఎప్పుడు?

గాలికుంటు ఆరు నెలలకోసారి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా వానలకు ముందు, మే, జూన్‌లో. రోగం ఊళ్లో పడ్డాక వేయించుకుంటే అది పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. బ్రూసెల్లా 4 నుంచి 8 నెలల ఆడ దూడలకే, జీవితంలో ఒక్కసారి.

టీకా వేయిస్తే పాలు తగ్గుతయి, చూడి పోతది అంటరు.

రెండు మూడు రోజులు కొద్దిగా జ్వరం, పాలు తగ్గడం ఉంటాయి, మళ్లీ వస్తాయి. సూది వేసిన చోట చిన్న గడ్డ లేస్తే చాలావరకు తానే కరుగుతుంది. నెలలు నిండిన చూడి పశువు అయితే ముందే డాక్టర్‌కు చెప్పండి, ఇప్పుడు వేయాలా, ఈనాక వేయాలా అన్నది ఆయన చెప్తాడు. జ్వరంతో ఉన్నదానికి ఆ రోజు వేయించొద్దు, తగ్గాక దవాఖానకు తోలుకుపోయి వేయించండి.